ఈవెంట్ సదస్సులో మనకు నచ్చిన పనివాళ్లతో పరిచయం ఎలా కలుపుకోవాలి?

కోట జంక్షన్ (విజయనగరం)

అందరికీ నమస్కారం. విజయనగరంలో స్టేజీ, డెకరేషన్ పనులు చేస్తుంటాను. పెళ్లిళ్లు, కాలేజీ ఫంక్షన్లు, అప్పుడప్పుడు ఆనంద గజపతి ఆడిటోరియంలో సభలు. ఆషాఢం వచ్చింది, ముహూర్తాలు లేవు. అందుకని హైదరాబాద్‌లో జరిగే ఈవెంట్ పరిశ్రమ సదస్సుకు డబ్బు కట్టేశాను, విశాఖ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ కూడా తీసుకున్నాను.

మాట్లాడేవాళ్ల జాబితాలో, నేను ఎప్పటి నుంచో పని గమనిస్తూ వస్తున్నవాళ్లు ముగ్గురున్నారు. ఒకావిడ పూలతో మండపాలు కడతారు. ప్లాస్టిక్ పువ్వు ఒక్కటి ఉండదు, కాడలు గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ దిమ్మలు కూడా వాడరు. ఒకాయన లైటింగ్ డిజైనర్. మూడో ఆయన పెద్ద బహిరంగ సభలకు, జాతరలకు ప్రొడక్షన్ చూస్తారు, జనాన్ని ఇబ్బంది లేకుండా నడిపించడంలో ఆయనకు మంచి పేరుంది. పని మానేద్దామా అనుకున్న రోజుల్లో వీళ్ల పని చూసే నేను నిలబడ్డాను.

నాకు విజిటింగ్ కార్డుల కట్ట అక్కర్లేదు. ఒక్కరితోనైనా తర్వాత ఫోన్ చేసి "అండీ, ఇది ఎలా కట్టారు?" అని అడిగేంత చనువు కావాలి. అందరూ గడగడా ఇంగ్లీషు మాట్లాడే చోట ఎలా మొదలుపెట్టాలా అని టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

షామియానా (శ్రీకాకుళం)

అమ్మా, మాది నాన్నగారి కాలం నుంచీ సప్లయర్స్ షాపు. నేను చెప్పేదేటంటే, ముందు రోజు సాయంత్రానికే అక్కడుండు. సదస్సు పొద్దున్న తొమ్మిదింటికి మొదలైతే, ఆ హాలు తయారయ్యేది ముందు రోజు రాత్రి. సామాను దిగే గేటు వైపు వెళ్లు. లైట్లు వేలాడదీసే చట్రం, అదే ట్రస్, ఎత్తుతుంటారు, కేబుళ్లు పరుస్తుంటారు, ఎల్ఈడీ వాల్ బిగిస్తుంటారు. చేతులు కాళ్లు ఆడించే అసలు మనుషులు అక్కడే దొరుకుతారు. పనిలో ఉన్నప్పుడు పలకరించకు. టీ వచ్చినప్పుడు పలకరించు.

ఒకసారి ఇలాగే వెళ్తే ఒక ముసలాయన కేబుల్ చుడుతున్నాడు. ఒక చుట్టు పైనుంచి, మరో చుట్టు కిందనుంచి తిప్పి వేస్తున్నాడు. మళ్లీ విసిరితే మెలిక పడకుండా నేరుగా పరుచుకుంటుంది. మన కుర్రాళ్లేమో మోచేతికి చుట్టేస్తారు, ఆర్నెల్లకే లోపల తీగ తెగుతుంది. నేను ఏమీ మాట్లాడకుండా పక్కనున్న కేబుల్ తీసుకుని ఆయన చుట్టినట్టే చుట్టడం మొదలుపెట్టాను. ఆయనే నా చెయ్యి పట్టుకుని సరిచేశాడు. ఈరోజుకీ జనరేటర్ లోడు లెక్క దగ్గర అనుమానం వస్తే ఆయనకే ఫోన్ చేస్తాను. వేదిక మీద మాట్లాడినవాళ్లలో ఒక్కరి పేరూ గుర్తు లేదు.

కన్సోల్ వెనక (బొబ్బిలి)

సౌండ్ పని నాది. షామియానా గారి మాటకు నాదొకటి కలుపుతాను. "మీ పని చాలా బాగుంటుంది సార్" అంటే వాళ్లు "థాంక్యూ" అంటారు, మాట అక్కడితో తెగిపోతుంది. వాళ్లను ఆలోచనలో పడేసే ప్రశ్న ఒకటి పట్టుకెళ్లండి. అది మీ ఊళ్లో, మీ చేతి మీద జరిగిన పనిలోంచి రావాలి.

నా ప్రశ్న ఇది. విజయనగరం అయోధ్య మైదానంలాంటి పొడుగాటి చోట స్టేజీ దగ్గర స్పీకర్లు పెట్టి, వెనక ఇంకో వరుస పెడతాం. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. కాబట్టి 34 మీటర్ల దూరంలో ఉన్న వెనక వరుసకు 100 మిల్లీసెకన్లు ఆలస్యం ఇవ్వాలి, లేకపోతే వెనకవాళ్లకు ఒక్కో మాట రెండేసి సార్లు వినిపిస్తుంది. ఇంతవరకు నాకు తెలుసు. కానీ మధ్యాహ్నం సరిగ్గా కుదిరిన లెక్క రాత్రికి కొంచెం తేడా కొడుతుంది. వేడి ఒక డిగ్రీ తగ్గితే ధ్వని వేగం సెకనుకు 0.6 మీటర్లు తగ్గుతుంది కదా, మరి మీరు రాత్రి మళ్లీ కొలుస్తారా, చెవితో సరిచేస్తారా అని ఒక సదస్సులో భోజనాల దగ్గర ఒక సౌండ్ పెద్దాయనను అడిగాను. ఆ పెద్దాయన ప్లేటు కింద పెట్టేసి, పేపర్ నాప్‌కిన్ తీసుకుని బొమ్మ గీయడం మొదలుపెట్టారు. మా చుట్టూ ఇంకో నలుగురు చేరారు. వాళ్లలో ఇద్దరు ఈనాటికీ నాకు స్నేహితులు.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. బొమ్మ గీయగలిగితే చాలు. మీ మండపాల ప్లాన్లు నాలుగు ఫోన్లో కాకుండా కాగితం మీద తీసుకెళ్లండి. ఫోన్ అయితే చూసి తిరిగి ఇచ్చేస్తారు, కాగితమైతే దాని మీదే పెన్నుతో గీతలు పడతాయి.

ఫ్యూజ్ బాక్స్ (విజయనగరం)

నేను వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. ఫీజు, రానుపోను ఖర్చు, లాడ్జి, అన్నీ కలిపితే నా షాపులో అటూ ఇటూ తిరిగే మూవింగ్ హెడ్ లైట్లన్నీ సర్వీసింగ్ చేయించొచ్చు. నేను వెళ్లిన సదస్సులో కోట్ల బడ్జెట్ పెళ్లిళ్ల గురించే చెప్పుకున్నారు. స్టాళ్లలో సామాను అమ్ముకునేవాళ్లే ఎక్కువ. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మండపం చీకటైపోయే మన ఊరి బాధ అక్కడ ఎవరికీ పట్టలేదు.

అంతకంటే, మన ఊళ్లోనే ఏటా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. దసరా వెళ్లిన మంగళవారం, అంత పొడుగు చింతమాను చివర పూజారి కూర్చుని ఉండగా, లక్షల జనం మధ్యలోంచి మూడుసార్లు గుడికీ కోటకీ మధ్య తిప్పి క్షేమంగా దించుతారు. అది చేసేవాళ్లతో కూర్చుని మనలో ఎంతమంది నేర్చుకున్నాం? ముందు వాళ్లతో పరిచయం కలుపుకోవాలి కదా.

కోట జంక్షన్ (విజయనగరం)

ఫ్యూజ్ బాక్స్ అన్నా, ఏమీ అనుకోలేదు. సిరిమాను మాట నన్ను పట్టుకుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, పని కన్నుతో మాత్రం ఎప్పుడూ చూడలేదు. సదస్సుకు తీసుకెళ్లే నా ప్రశ్న బహుశా అదే. ఆ రోజు జనానికి దారి ఇవ్వాలని ఎలా తెలుస్తోంది?

షామియానా (శ్రీకాకుళం)

ఫ్యూజ్ బాక్స్ బాబూ, నీ కోపం నాకు అర్థమవుతోంది. కానీ ఆ ప్రొడక్షన్ ఆయనతో ఈ అమ్మాయి తప్పకుండా మాట్లాడాలి. కాశీబుగ్గ గుడిలో 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు జరిగింది మన జిల్లావాళ్లం ఎవరం మర్చిపోలేదు. తొక్కిసలాటలో తొమ్మిది మంది పోయారు. ఏ ఊళ్లో జాతర అయినా బారికేడ్ కర్రలు పాతేది, క్యూ లైన్లు కట్టేది మనలాంటి షాపులవాళ్లే. ఎంత వెడల్పు వదలాలి, బయటికి దారి ఎన్ని చోట్ల ఉండాలి అని మాకెవరూ ఎప్పుడూ నేర్పలేదు. అడిగినవాళ్లు చెప్పిన చోట కట్టేసి వచ్చేస్తాం. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లో దీని మీద ఒక మార్గదర్శి పుస్తకమే వేసిందని మా అబ్బాయి చూపిస్తే తెలిసింది. చదివినవాడు ఒకడు, కట్టేవాడు ఒకడు. ఇద్దరూ కలిసే చోటు ఏదైనా ఉంటే ఖర్చయినా వెళ్లాల్సిందే.

పాఠాల మాస్టారు (శ్రీకాకుళం)

నేను ఈవెంట్ వాడిని కాదు, మేనేజ్‌మెంట్ పాఠాలు చెబుతాను. చర్చ చదువుతుంటే రెండు మూడు సంగతులు చెప్పాలనిపించింది.

2007లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన పాల్ ఇన్‌గ్రామ్, మైకేల్ మోరిస్ అనే ఇద్దరు ఒక పరిశోధన అచ్చువేశారు. వ్యాపార రంగంలోవాళ్లు సుమారు వంద మందిని ఒక సాయంత్రం పార్టీకి పిలిచి, మెడలో చిన్న ఎలక్ట్రానిక్ బిళ్లలు వేశారు. ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో అందులో నమోదవుతుంది. కొత్తవాళ్లను కలవాలనే వచ్చామని దాదాపు అందరూ ముందే చెప్పారు. తీరా చూస్తే తెలిసినవాళ్ల పక్కకే ఎక్కువగా చేరారు. కాబట్టి కోట జంక్షన్ గారూ, అక్కడ పెద్ద కంపెనీలవాళ్లు గుంపులు కట్టి నిలబడితే అది మీ మీద చులకన కాదు. వాళ్లకూ బెరుకే.

2018లో ఎరికా బూత్‌బీ బృందం ఇంకొకటి తేల్చింది. కొత్తవాళ్లతో మాట్లాడి వచ్చాక "ఆయనకు నేను పెద్దగా నచ్చలేదు" అని మనం అనుకుంటాం. నిజానికి అవతలి మనిషికి మనం అనుకున్నదానికంటే ఎక్కువే నచ్చి ఉంటాం. మాట బాగా సాగలేదని రాత్రి లాడ్జిలో బాధపడకండి, మర్నాడు మళ్లీ పలకరించండి.

ఆఖరిది, తర్వాతి సంబంధం గురించి. మార్క్ గ్రానోవెటర్ 1973లో రాసిన వ్యాసం ఇప్పటికీ పాఠంగా చెప్తాం. మనుషులకు ఉద్యోగాల కబురు దగ్గరివాళ్ల కంటే అప్పుడప్పుడు కలిసేవాళ్ల నుంచే ఎక్కువగా వచ్చిందని అందులో చూపించాడు. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది కదా. కాబట్టి రోజూ గుడ్ మార్నింగ్ మెసేజీలు పంపక్కర్లేదు. ఏడాదికి రెండు మూడు మంచి మాటలు నడిస్తే చాలు.

రన్ షీట్ (రాజాం, ప్రస్తుతం విశాఖ)

అందరూ పగటి సంగతి చెప్తున్నారు. నా అనుభవంలో అసలు పరిచయాలు రెండో రోజు రాత్రి డిన్నర్‌లోనే అవుతాయి. అందరూ మనసు విప్పి మాట్లాడతారు. అది వదులుకోవద్దు మేడమ్.

మైకు పట్టిన అమ్మాయి (ఆమదాలవలస)

రన్ షీట్ అన్నా, అది మీకు కుదురుతుంది. యాంకరింగ్ చేసే ఆడపిల్లగా చెప్తున్నాను, మందు నడిచే డిన్నర్‌లో పదకొండింటి దాకా నిలబడి పని సంగతులు మాట్లాడటం మాకు అంత తేలిక కాదు. చాలామంది ఆడవాళ్లు ఎనిమిదిన్నరకే గదులకు వెళ్లిపోతారు. "అక్కడే అసలు పరిచయాలు" అంటే సగం మందిని మొదటే బయట పెట్టినట్టు.

అక్కా, మీకు నా సలహా పొద్దున్న టిఫిన్. ఏడున్నరకే హాల్లో కూర్చోండి. మాట్లాడాల్సినవాళ్లు ఆ రోజు తొందరగా లేస్తారు, ఒంటరిగా ప్లేటు పట్టుకుని చోటు వెతుక్కుంటుంటారు. "ఇక్కడ కూర్చోండి" అంటే ఇరవై నిమిషాలు ప్రశాంతంగా దొరుకుతుంది. నేను ఎంతో గౌరవించే ఒక షో కాలర్ (ప్రోగ్రాంలో ఏది ఎప్పుడు జరగాలో తెరవెనక నుంచి చెప్పేవాళ్లు) గారితో నాకు పరిచయం అయింది అలాగే. ఇయర్‌ఫోన్‌లో అరవకుండా నలభై మందిని నడిపించే ఆవిడ, గొంతు ఎలా కాపాడుకోవాలో ఉప్మా తింటూ చెప్పారు.

పని నంబర్ వేరేగా పెట్టుకోండి, అదొక్కటే కార్డు మీద వేయించండి.

రన్ షీట్ (రాజాం, ప్రస్తుతం విశాఖ)

నిజమే చెల్లీ. నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు. మా సంస్థ పెట్టే సమావేశాల్లో కలుసుకునే సమయం టిఫిన్ వేళకు మార్చమని ఈ వారమే అడుగుతాను.

కోట జంక్షన్ (విజయనగరం)

వెళ్లొచ్చాను. అందరికీ ఒకేసారి రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

షామియానా గారు చెప్పినట్టు ముందు సాయంత్రమే వెళ్లాను. లైటింగ్ డిజైనర్ గారు నిచ్చెన కింద నిలబడి ఉన్నారు. ఆయనతో రెండు మాటలకు మించి కుదరలేదు, పని ఒత్తిడిలో ఉన్నారు. మళ్లీ కలవలేదు. పర్వాలేదు, ఆయన ఫోకస్ పెట్టే పద్ధతి దూరం నుంచి అరగంట చూశాను.

పూల ఆవిడతో టిఫిన్ దగ్గర కూర్చున్నాను. ఫోమ్ లేకుండా పూలు ఎలా నిలబడతాయని అడిగితే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కోళ్లగూటికి వాడే ఇనప జాలీ ముక్క తీశారు. దాన్ని గుండ్రంగా నలిపి, గిన్నెలో కూర్చి, కాడలు ఆ కన్నాల్లో గుచ్చడమే. బరువైన కొమ్మలకు అడుగున నీళ్ల ట్యూబులు. ఫోమ్ కూడా ప్లాస్టిక్కే, పొడై నీళ్లలో కలుస్తుంది, మర్నాడు తోట కాలువలో అది చూడలేకే మానేశానన్నారు. మన వైపు బంతి, చామంతి, లిల్లీ ఎక్కడి నుంచి వస్తాయి, ఎండకు ఎన్ని గంటలు ఆగుతాయి అని ఆవిడ నన్ను అడిగారు. నేను చెప్తుంటే రాసుకున్నారు! వచ్చాక నేను పంపింది "మీతో మాట్లాడటం ఆనందం" అనే మెసేజ్ కాదు, మన మార్కెట్లో తెల్లవారుజామున తీసిన పూల బుట్టల ఫోటోలు, ధరలతో. గంటలో ఫోన్ వచ్చింది.

ఇక ప్రొడక్షన్ ఆయన. ఆయన ప్రసంగం అయ్యాక చుట్టూ ఇరవై మంది. నేను సిరిమాను దారి గీసిన కాగితం పట్టుకుని చివర్లో నిలబడ్డాను. కాగితం చూడగానే ఆయనే "ఇదేమిటి?" అన్నారు. మూడు లాంతర్ల దగ్గర గుడి, అటు కోట, మధ్యలో రోడ్డు సన్నబడే చోట్లు చూపించాను. ఊరేగింపులో ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల, తర్వాత సిరిమాను అని వరుస చెప్పాను. ఆయన పెన్ను తీసి ఒక్కొక్కదాని కింద గీత గీశారు. "చూడండమ్మా, అసలుది రాకముందే జనానికి నాలుగుసార్లు కబురు అందుతోంది. మైకులో ఎంత అరిచినా రాని ఫలితం ఇది" అన్నారు. జాన్ ఫ్రూయిన్ అనే ఇంజనీరు జన ప్రమాదాలకు మూలం నాలుగింటిలో వెతకమన్నాడట. తోపుడు బలం, సమాచారం, చోటు, సమయం. చదరపు మీటరుకు ఏడుగురు నిలబడే పరిస్థితి వస్తే ఎవరూ తమంతట తాము కదలలేరట, గుంపు ఎటు తోస్తే అటే. అంతకు చాలా ముందే, నలుగురైదుగురు ఉన్నప్పుడే, వెనక నుంచి వచ్చేవాళ్లను ఆపాలి. ముందున్నవాళ్లను తోసి ఉపయోగం లేదన్నారు. అందుకే మనిషిని ముందు గేటు దగ్గర కాదు, క్యూ తోక దగ్గర నిలబెట్టండి అన్నారు. షామియానా గారూ, ఈ మాట మీకోసమే రాసుకొచ్చాను.

ఇంకొకటి. వీళ్లెవరూ కాకుండా, అన్నం దగ్గర అనంతపురం నుంచి వచ్చిన ఒక డెకరేటర్ పక్కన కూర్చున్నాడు. రెండేళ్లుగా బ్యాలెన్స్ ఆపేసిన ఒక పార్టీ గురించి నేను వాపోతే, "ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా?" అన్నాడు. చిన్న సంస్థలు ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు అది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. పని చేయకముందే రిజిస్ట్రేషన్ ఉండాలని గట్టిగా చెప్పాడు. ఈయన పేరు ఏ జాబితాలోనూ లేదు. సదస్సు మొత్తంలో నాకు పైసల్లో కనపడే మేలు చేసింది ఈయనే.

షామియానా (శ్రీకాకుళం)

క్యూ తోక దగ్గర మనిషి. ఎన్నో ఏళ్లుగా గేటు దగ్గరే నిలబెడుతున్నాం తల్లీ. వచ్చే రథసప్తమికి అరసవల్లిలో మా పని ఉంటే అధికారులతో ఈ మాట మాట్లాడతాను. ఆ కాగితం ఫోటో తీసి ఇక్కడ పెట్టు.

కన్సోల్ వెనక (బొబ్బిలి)

ఆ ప్రొడక్షన్ ఆయన మళ్లీ మాట్లాడారా? ఇంత మాట నడిచాక వదలకూడదు.

కోట జంక్షన్ (విజయనగరం)

మాట్లాడారు. తొలేళ్ల సోమవారం రాత్రికే విజయనగరం వచ్చి, మర్నాడు సిరిమాను పూర్తిగా చూస్తానన్నారు. ఖర్చు ఆయనదే, ఉపన్యాసం ఏమీ వద్దు, మన పనివాళ్లతో కూర్చోవాలి అన్నారు. ఫ్యూజ్ బాక్స్ అన్నా, మీరన్న మాటే ఇక్కడి దాకా తెచ్చింది. సిరిమాను బండి పని చూసే పెద్దలు మీకు తెలుసు కదా, బుధవారం పొద్దున్న వాళ్లనూ ఆయననూ ఒక చోట కూర్చోబెట్టగలరా?

ఫ్యూజ్ బాక్స్ (విజయనగరం)

కూర్చోబెడతాను. మంగళవారం వాళ్లకు ఊపిరి ఆడదు, బుధవారం పదకొండింటి తర్వాతైతే వస్తారు. వాళ్లలో పెద్దాయనకు చెవి కొంచెం తక్కువ, ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడాలి. ప్రొడక్షన్ ఆయనకు ముందే చెప్పండి.

మంగళవారం చూడటానికి మా షాపు మేడ వాడుకోండి, కోట వైపు రోడ్డు అంతా కనపడుతుంది. శ్రీకాకుళం, బొబ్బిలి, రాజాం నుంచి వచ్చేవాళ్లు మధ్యాహ్నం పన్నెండు లోపే చేరుకోండి, తర్వాత రోడ్లు మూసేస్తారు. మేడ మీదికి పది మందికి మించి ఎక్కనివ్వను, పిట్టగోడ పాతది. పేర్లు ఇక్కడే రాయండి.

మైకు పట్టిన అమ్మాయి (ఆమదాలవలస)

నా పేరు రాసుకోండి అన్నా. ఆ షో కాలర్ గారిని కూడా పిలవొచ్చా?

ఫ్యూజ్ బాక్స్ (విజయనగరం)

పిలువమ్మా. ఇద్దరు అయ్యారు, ఇంకా ఎనిమిది.